జార్జ్ హారిసన్, శ్రీకూర్మం, ఒక తెగిన తీగ

విజయనగరం సంగీత కళాశాలలో నాతో చదువుకున్నవారిలో చాలామందికి బీటిల్స్ అనే ఇంగ్లీషు పాప్ బృందంలో గిటార్ వాయించిన జార్జ్ హారిసన్ మీద ఒకే అభిప్రాయం ఉంది. సితార్ పట్టుకున్నాడు, కొన్నేళ్లు ప్రయత్నించాడు, రాకపోయేసరికి వదిలేశాడు. కృష్ణభక్తి కూడా ఆ రోజుల్లో పడమటి దేశాల యువకులను ఊపేసిన మోజులో భాగమే. ఇదీ వారి మాట. ఈ మధ్య ఒక పెళ్లిలో వయొలిన్ వాయించే పాత మిత్రుడు మళ్లీ అదే అన్నాడు. పెళ్లి పందిట్లో నాదస్వరం పక్కన ఇంత సంగతి చెప్పడం కుదరదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో పిల్లలకు వీణ నేర్పుతాను. మా అమ్మమ్మగారి ఊరు కూర్మనాథస్వామి ఆలయం ఉన్న శ్రీకూర్మం. హారిసన్ జీవితంలో నాకు అర్థమైనదంతా ఈ రెండు దారుల్లోనే వచ్చింది. ఒకటి తీగ, రెండోది నామం.

మొదట అతని పాట మా ఇంటికి తెచ్చింది అన్నయ్య. అన్నయ్య విశాఖపట్నంలో ఉద్యోగం చేసేవాడు. ఓడల మీద వచ్చేవాళ్ల దగ్గర సంపాదించిన ఇంగ్లీషు క్యాసెట్లు సెలవులకు పట్టుకొచ్చేవాడు. ఒకసారి టేప్ రికార్డర్ నా ముందు పెట్టి, "నువ్వు వీణ నేర్చుకుంటున్నావు కదా, ఈ మనిషి వాయించేది ఏమిటో చెప్పు" అన్నాడు. అది బీటిల్స్ 1965లో విడుదల చేసిన 'నార్వీజియన్ వుడ్'. గిటార్ వెనక సితార్ సన్నగా, భయం భయంగా వినిపిస్తుంది. వాయించేవాడికి ఆ వాద్యం కొత్త అని వెంటనే తెలిసిపోతుంది. అయినా స్వరం మీద శ్రద్ధ ఉంది. ఒక్కొక్క స్వరాన్నీ పట్టుకుని చూస్తున్నాడు. అన్నయ్యకు ఆ మాటే చెప్పాను.

హారిసన్ 1943 ఫిబ్రవరి 25న లివర్‌పూల్‌లో పుట్టాడు. నలుగురు పిల్లల్లో చివరివాడు. తండ్రి బస్సు కండక్టరు. తల్లి కాథలిక్కు, పిల్లవాడిని ఆ సంప్రదాయంలోనే పెంచింది. ఆర్నాల్డ్ గ్రోవ్ అనే వీధిలో చిన్న ఇల్లు, మరుగుదొడ్డి పెరట్లో. పదిహేనేళ్లకే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీల బృందంలో చేరాడు, అదే తరువాత బీటిల్స్ అయింది. 1960లో జర్మనీలోని హాంబర్గ్‌లో రాత్రి క్లబ్బుల్లో వాయిస్తుంటే, పద్దెనిమిదేళ్లు నిండలేదని అక్కడి పోలీసులు వెనక్కి పంపేశారు. తరువాత వచ్చిన కీర్తి గురించి అందరికీ తెలుసు, దాన్ని నేను మళ్లీ చెప్పను. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి డబ్బు, పేరు, లోకమంతా తిరగడం, వాయించింది తమకే వినపడనంతగా జనం పెట్టే కేకలు, అన్నీ అనుభవించేశాడు. ఇంకేమైనా ఉందా అన్న ప్రశ్న అతనికి ఆ వయసులోనే వచ్చింది.

సితార్ అతని చేతికి రావడం వింతగా జరిగింది. 1965లో బీటిల్స్ నటించిన ఒక సినిమాలో భారతీయ భోజనశాల దృశ్యం ఉంది. అందులో కొందరు భారతీయ వాద్యకారులు కూర్చుని ఉంటారు. చిత్రీకరణ మధ్యలో హారిసన్ వారి సితార్‌ను చేతిలోకి తీసుకుని చూశాడు. తరువాత లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ వీధిలోని ఒక దుకాణంలో చవక సితార్ కొన్నాడు. రికార్డింగ్‌లో దాని తీగ తెగింది. మారు తీగ ఎక్కడ దొరుకుతుంది? లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్‌ను అడిగారు. ఆ సంస్థను నడుపుతున్నది కర్ణాటక నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన అయన అంగడి. ఆ పరిచయం పెరిగింది, 1966 జూన్‌లో ఆ అంగడి దంపతుల ఇంట్లోనే హారిసన్ పండిట్ రవిశంకర్‌ను కలిశాడు. ఒక తీగ తెగడం వల్ల ఒక మనిషికి గురువు దొరికాడని నేను మా పిల్లలకు చెబుతుంటాను. వీణ మొదటి తీగ సారణి తెగినప్పుడు ఏడుపు ముఖం పెట్టే పిల్లలకు ఈ కథ బాగా పనికొస్తుంది.

రవిశంకర్ దగ్గర అతను నేర్చుకున్న మొదటి పాఠం స్వరం గురించి కాదు. పాఠం మధ్యలో ఫోను మోగింది. హారిసన్ సితార్‌ను కింద పెట్టి, దాన్ని దాటుకుంటూ లేచాడు. రవిశంకర్ అతని కాలి మీద ఒక్కటి కొట్టి, వాద్యాన్ని ముందు గౌరవించాలని చెప్పారు. ఈ సంగతి హారిసన్ స్వయంగా చెప్పుకున్నాడు, చిన్నతనం అనుకోలేదు, సంతోషంగా చెప్పుకున్నాడు. అప్పటికి ప్రపంచంలో అతన్ని కాలి మీద కొట్టగల మనిషి మరొకరు లేరు. చుట్టూ ఉన్నవాళ్లందరూ అతని వల్ల బతుకుతున్నవాళ్లే.

మా ప్రాంతంలో ఈ మర్యాద ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, చూసి వచ్చేస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్లకు నేను ఎన్నోసార్లు వెళ్లాను. పనస దుంగను తొలిచి కుండ, దండి ఒకే చెక్కలో తీసే పనితనం వారిది. అక్కడ ఇంకా తీగ కట్టని, యాళి ముఖం కూడా చెక్కని మొద్దును సైతం కాలితో దాటరు, చుట్టూ తిరిగి వెళతారు. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు. లివర్‌పూల్ నుంచి వచ్చిన యువకుడికి ఇది ఒక దెబ్బతో అర్థమైంది, జీవితమంతా గుర్తుంది. అతని భక్తికి మూలం ఎక్కడ అని నన్ను అడిగితే ఆ దెబ్బ దగ్గర అంటాను. దేవుడిని నమ్మడానికి ముందే చెక్కకు, తీగకు మొక్కడం నేర్చుకున్నాడు.

1966 సెప్టెంబరులో బొంబాయి వచ్చాడు. ఎవరూ గుర్తు పట్టకూడదని మీసం పెంచాడు. అయినా తాజ్‌మహల్ హోటల్ ముందు జనం గుమిగూడారు. గురుశిష్యులిద్దరూ కాశ్మీరం వెళ్లి దాల్ సరస్సులో పడవ ఇంట్లో ఉన్నారు. ఆరు వారాల ఆ ప్రయాణంలో సాధనతో పాటు యోగుల జీవితాలు చదివాడు. మరుసటి ఏడు బీటిల్స్ పెద్ద ఆల్బం అట్ట మీద ఎందరో ప్రసిద్ధుల బొమ్మల మధ్య పరమహంస యోగానంద, యుక్తేశ్వర్ గిరి, లాహిరి మహాశయుల బొమ్మలు కనబడతాయి. అవి హారిసన్ కోరి పెట్టించినవి.

ఆ ఆల్బంలోనే 'వితిన్ యూ వితౌట్ యూ' ఉంది. నా దగ్గర నాలుగైదేళ్లు నేర్చుకున్న పిల్లలకు ఈ పాట వినిపిస్తాను. పాట పేరు గాని పాడేది ఎవరన్నది గాని ముందు చెప్పను, స్వరాలు పట్టుకోమంటాను. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. హిందుస్థానీవారి ఖమాజ్ ఠాట్, మనకు ఇరవై ఎనిమిదో మేళం హరికాంభోజి. మధ్యలో వాద్య భాగం అయిదు మాత్రల నడకలోకి మారుతుంది, కమానుతో వాయించే దిల్రుబా ఒక మాట అంటే సితార్ బదులిస్తుంది. లండన్‌లో ఉంటున్న భారతీయ కళాకారులు దిల్రుబా, తబలా, తంబురా వాయించారు. ఆ దిల్రుబా జారులను అనుసరించేలా ఇంగ్లీషు వయొలిన్‌లకు, చెల్లోలకు స్వరలిపి రాసినది వారి నిర్మాత జార్జ్ మార్టిన్. ఆ వయొలిన్‌ల వాళ్లు ఎంత కష్టపడి ఉంటారో నేను ఊహించగలను. కాగితం మీద స్వరం రాయవచ్చు, స్వరానికీ స్వరానికీ మధ్య దారి రాయడం చాలా కష్టం.

ఆ తరువాత, 1968 జనవరిలో, బొంబాయి హెచ్.ఎం.వి. స్టూడియోలో మన కళాకారులతో ఇంకో పాటకు వాద్యాలు రికార్డు చేశాడు. ఆ ఏడే ఫిబ్రవరిలో రిషికేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి బీటిల్స్ అందరూ వెళ్లారు. పత్రికలు ఇప్పటికీ ఆ ఆశ్రమం గురించే రాస్తాయి. నాకు అక్కడ చెప్పుకోదగ్గది తక్కువగా కనిపిస్తుంది. మిగతావారు వచ్చినంత త్వరగానే దాన్ని దాటి వెళ్లిపోయారు. హారిసన్ ధ్యానాన్ని వెంట తీసుకెళ్లాడు.

ఆ సంవత్సరమే సితార్ వదిలేశాడు. నా మిత్రులు ఎత్తి చూపేది ఇక్కడే. ఏం జరిగిందంటే, ఒకసారి రవిశంకర్ అతన్ని అడిగారు, నీ మూలాలు ఎక్కడున్నాయి అని. హారిసన్ ఆలోచించుకున్నాడు. భారతదేశంలో చిన్నతనం నుంచీ రోజంతా సాధన చేసేవారు వందల మంది ఉన్నారు, వారిలో గొప్పవాడు అయ్యేది ఏ ఒక్కరో అని అతనికి తెలుసు. ఇరవై మూడేళ్లకు మొదలుపెట్టిన తాను ఆ వరసలో ఎక్కడుంటాడో కూడా తెలుసు. గిటార్ దగ్గరికి తిరిగి వెళ్లాడు. ఒక వాద్యం ఎంత లోతో తెలుసుకున్నవాడు మాత్రమే ఆ నిర్ణయం తీసుకోగలడు. వేదిక మీద సితార్ పెట్టుకుని తోచింది వాయించి చప్పట్లు కొట్టించుకోవడం అతనికి ఎంత సులభమో ఆలోచించండి. అతని పేరుకు జనం విరగబడి వచ్చేవారు. అతను ఆ పని చేయలేదు. గురువు పట్ల ఇంతకన్నా పెద్ద గౌరవం నేను చూడలేదు.

సితార్ వదిలాడు గాని, దానిలో విన్నదాన్ని వదలలేదు. 1969 డిసెంబరు నుంచి స్లయిడ్ గిటార్ పట్టుకున్నాడు. ఎడమచేతి వేలికి గొట్టం తొడిగి తీగ మీద జరుపుతూ వాయించే పద్ధతి అది. గిటార్ మెట్లు స్వరాన్ని గదుల్లో బంధించేస్తాయి. వీణలో మనం మైనం మీద నిలబెట్టిన మెట్ల మీద తీగను పక్కకు లాగి గమకం తెస్తాము. అసలు మెట్లే లేకుండా నున్నటి కర్ర ముక్కను తీగ మీద జరిపే గోటువాద్యం కూడా మనకుంది. హారిసన్ స్లయిడ్ వింటే నాకు గోటువాద్యమే గుర్తొస్తుంది. అమెరికా నల్లజాతి గాయకుల స్లయిడ్‌లో ఉండే బరువు, గరుకు అతని దగ్గర ఉండవు. స్వరాన్ని కింద నుంచి మెల్లగా ఎత్తి, సరిగ్గా స్థానం మీద నిలిపి, వదులుతాడు. 'మై స్వీట్ లార్డ్' మొదట్లో రెండు స్లయిడ్ గిటార్లు కలిసి పలికే ఆ కొద్ది క్షణాలు విని, ఇతను సితార్ నేర్చుకోలేకపోయాడని ఎవరైనా అంటే, వారు చెవి పెట్టి వినలేదని నేను గట్టిగా చెబుతాను.

ఇక నామం సంగతి.

కలకత్తాలో 1896లో పుట్టిన భక్తివేదాంత స్వామి ప్రభుపాదులు, డెబ్బై ఏళ్లకు ఒక్క ఏడు తక్కువ వయసులో, 1965లో జలదూత అనే సరుకు ఓడ మీద న్యూయార్క్ వెళ్లారు. మరుసటి ఏడు అక్కడ ఇస్కాన్ స్థాపించారు. 1968లో ఆయన శిష్యులు ఆరుగురు లండన్ వచ్చారు. హారిసన్ వారికి స్నేహితుడయ్యాడు. 1969లో వారితో 'హరే కృష్ణ మంత్రం' రికార్డు చేయించి బీటిల్స్ సొంత కంపెనీ నుంచి విడుదల చేశాడు. ఆ రికార్డు ఇంగ్లండ్ పాటల పట్టికలో పన్నెండో స్థానం దాకా వెళ్లింది. తిలకాలు పెట్టుకుని, ధోవతులు కట్టుకుని, మృదంగం, తాళాలతో ఆ భక్తులు అక్కడి టెలివిజన్ పాప్ సంగీత కార్యక్రమంలో మహామంత్రం పాడారు. ఆ పదహారు నామాలే అమ్మమ్మ సాయంకాలం దీపం పెట్టాక మా చేత అనిపించేది.

ఆ మంత్రానికీ మా శ్రీకూర్మానికీ ఉన్న బంధం గురించి మా జిల్లాలోనే చాలామందికి తెలియదు. ప్రభుపాదుల సంప్రదాయానికి మూలపురుషుడైన చైతన్య మహాప్రభువు 1510లో పూరీ నుంచి దక్షిణ యాత్రకు బయలుదేరాడు. కూర్మక్షేత్రంలో, అంటే మా శ్రీకూర్మంలో, స్వామిని దర్శించుకున్నాడు. అక్కడ కూర్ముడనే పేరుగల బ్రాహ్మణ గృహస్థు ఆయనకు ఆతిథ్యమిచ్చి, సంసారం విడిచి మీ వెంట వస్తాను అన్నాడు. మహాప్రభువు వద్దన్నాడు. ఇంట్లోనే ఉండి ఎప్పుడూ కృష్ణనామం పాడుకో, కనబడిన ప్రతివారికీ కృష్ణుని ఉపదేశం చెప్పు, నా ఆజ్ఞగా గురువువై ఈ నేలను తరింపజెయ్యి అన్నాడు. బెంగాలీలో కృష్ణదాస కవిరాజు రాసిన చైతన్య చరితామృతంలో ఈ కథ ఉంది. తన ప్రచారానికంతటికీ ఆధారంగా ప్రభుపాదులు మాటిమాటికీ చెప్పిన వాక్యం అదే. ఆయన గురువు భక్తిసిద్ధాంత సరస్వతి శ్రీకూర్మంలో చైతన్యుని పాదపీఠం ప్రతిష్ఠించారు. ఆ గురుపరంపరలో ఇంకా వెనక్కి వెళితే మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు కనబడతారు. పదమూడో శతాబ్దంలో ఆయన కళింగ రాజ్యంలో అధికారం నెరపినవారు, శ్రీకూర్మం ఆలయంలో ఆయన శాసనం ఉంది.

ఆలయానికి వెళ్లేవారు నక్షత్ర తాబేళ్లను చూస్తారు, పడమటి ముఖంగా ఉన్న స్వామిని చూస్తారు, రెండు ధ్వజస్తంభాలు ఎందుకని పూజారిగారిని అడుగుతారు. మహాప్రభువు ఇక్కడ ఆ మాట అన్నాడని చెప్పేవారు తక్కువ. అమ్మమ్మ చెప్పేది. ఆమెకు ఇంగ్లండు గురించి గాని, హారిసన్ గురించి గాని ఏమీ తెలియదు. "ఇంట్లో ఉండి పాడుకోమన్నాడే గాని, ఇల్లు వదలమనలేదు" అని మాత్రం వంటింట్లో పని చేసుకుంటూ చెప్పేది. ఆ మాటలో ఆమెకు ఒక గర్వం ఉండేది. ఇల్లు వదలలేని ఆడవాళ్లకు కూడా ఆ దారి తెరిచే ఉందని.

హారిసన్ ఎప్పుడూ దీక్ష తీసుకోలేదు. గుండు చేయించుకోలేదు, ఆలయంలో నివాసం ఉండలేదు. సంగీతంలో ఉంటూనే సేవ చేయమని ప్రభుపాదులు చెప్పారని ఆయన శిష్యులు చెబుతారు. కూర్మ బ్రాహ్మణుడికి చెప్పిందీ అదే కదా! 1970 చివర్లో 'మై స్వీట్ లార్డ్' వచ్చింది. వెనక పాడేవాళ్లు మొదట క్రైస్తవుల 'హల్లెలూయా' అంటారు. వినేవాడు దానికి అలవాటుపడిన తరువాత అదే స్వరంలో 'హరే కృష్ణ' వస్తుంది. ఆ పైన గురుబ్రహ్మ శ్లోకం వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ అది మొదటి స్థానానికి వెళ్లింది. బీటిల్స్ విడిపోయాక వారిలో ఎవరి పాటకైనా ఆ స్థానం దక్కడం అదే మొదలు. కనబడిన ప్రతివారికీ చెప్పమన్న మాటను రేడియో ఉన్న ప్రతి ఇంటికీ చేర్చాడు. తల్లి నేర్పిన దేవుడిని వదిలి వేరే దేవుడిని పట్టుకున్నాడని చాలామంది అంటారు గాని, ఆ పాట వింటే అలా అనిపించదు. రెండు నామాలనూ ఒకే శ్రుతిలో పెట్టాడు.

ఆ పాట స్వరం అంతకుముందు వచ్చిన వేరే పాటను పోలి ఉందని దావా పడింది. తెలిసి చేయకపోయినా లోపలి జ్ఞాపకంలోంచి తీసుకున్నాడని 1976లో న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. హారిసన్ చాలా డబ్బు చెల్లించుకున్నాడు. కేసు ఏళ్ల తరబడి సాగింది, అతన్ని బాగా నొప్పించింది కూడా.

ఆ రోజుల్లో కారులో ఫ్రాన్స్ నుంచి పోర్చుగల్ వరకు ఇరవై మూడు గంటలు ఆపకుండా మహామంత్రం జపిస్తూ నడిపానని ఒక సంభాషణలో చెప్పాడు. నోటితో జపించడం సాధన అని అతనికి రవిశంకర్ దగ్గరే తెలిసి ఉంటుందని నా అనుమానం. సరళీ వరసలు వేల సార్లు వాయించినవాడికి నామజపం వింతగా అనిపించదు. చెయ్యి చేసే పనినే అక్కడ నాలుక చేస్తుంది.

1971 గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1970 నవంబరు తుపాను, దాని వెంటనే యుద్ధం తూర్పు బెంగాల్‌ను నాశనం చేశాయి. లక్షలాది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. తుపాను అంటే ఏమిటో మా తీరం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, 2018లో తిత్లీ వచ్చిపోయాక ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎలా పడి ఉన్నాయో కళ్లారా చూశాము. బెంగాలీ అయిన రవిశంకర్ తన బాధ హారిసన్‌తో చెప్పుకున్నారు. ఆయన అనుకున్నది పాతిక వేల డాలర్లు పోగు చేయడం. హారిసన్ కొద్ది వారాల్లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆగస్టు 1న రెండు కచేరీలు ఏర్పాటు చేశాడు. నలభై వేల మంది వచ్చారు. టిక్కెట్ల మీద వచ్చిన దాదాపు రెండు లక్షల నలభై మూడు వేల డాలర్లు యూనిసెఫ్‌కు వెళ్లాయి. ఆల్బం, సినిమా డబ్బు పన్నుల చిక్కుల్లో పడి చాలా ఏళ్లు ఆలస్యమైంది.

కచేరీ మొదట భారతీయ సంగీతమే పెట్టాడు. రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా. వారు వాద్యాలు శ్రుతి చేసుకోవడం పూర్తికాగానే సభ అంతా చప్పట్లు కొట్టింది. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తాను అని రవిశంకర్ నవ్వుతూ అన్నారు. ఈ సంగతి చెప్పి ఆ జనాన్ని చూసి నవ్వేవారు ఉన్నారు. నాకు మాత్రం ఆ చప్పట్లు ఇష్టం. శ్రుతి కలిసిన క్షణంలో చెవికి కలిగే తృప్తి వారికి నిజంగానే కలిగి ఉంటుంది. మన సభల్లో శ్రుతి చేసుకుంటుంటే కాఫీకి లేచి వెళ్లేవారిని నేను చాలామందిని చూశాను.

1973లో లండన్ శివారులో హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని పదిహేడు ఎకరాల పెద్ద భవంతిని కొని ఇస్కాన్‌కు ఇచ్చేశాడు. అదే భక్తివేదాంత మేనర్. పండుగలకు వచ్చే జనం ఎక్కువయ్యారని స్థానిక సంస్థ అభ్యంతరం చెప్పి బహిరంగ పూజలు ఆపించబోయింది. భక్తులు ఏళ్ల తరబడి పోరాడి, వేరే దారి వేసుకునే ఒప్పందంతో 1996లో అనుమతి సాధించారు. మా బంధువుల అబ్బాయి ఒకడు లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కృష్ణాష్టమికి అక్కడికే వెళతాడు. అక్కడ తెలుగు మాటలు ఎటు చూసినా వినిపిస్తాయట.

అతని జీవితం అంతా వెలుగే అని రాస్తే అబద్ధం అవుతుంది. 1970ల మధ్యలో మత్తుపదార్థాలు వాడాడు, మొదటి పెళ్లి చెడింది, అందులో అతని తప్పులు ఉన్నాయి. 1974లో అమెరికా పర్యటనకు బొంగురుపోయిన గొంతుతో వెళ్లాడు. పాత పాటల కోసం వచ్చినవారికి రవిశంకర్ బృందాన్ని వినిపించాడు, దేవుడి గురించి చెప్పాడు. పత్రికలు తిట్టిపోశాయి. సిగరెట్లు చాలాకాలం వదలలేదు, చివరకు గొంతు కాన్సర్‌కు అవే కారణమని తనే ఒప్పుకున్నాడు. నామం పాడేవాడు పడిపోకూడదని రూలు ఎక్కడుంది? మన రామదాసు చెరసాలలో రాముణ్ణి నిలదీశాడు, క్షేత్రయ్య పదాల్లో విరహం ఉంది. పడిపోయిన ప్రతిసారీ హారిసన్ తిరిగి వెళ్లింది జపమాల దగ్గరికే.

మోజు అన్నవారికి నేను చూపించేది 1996. అప్పటికి రిషికేశ్ ముచ్చట ముగిసి ఇరవై ఎనిమిదేళ్లు. హిప్పీలు తాతలయ్యారు. ఆ ఏడు హారిసన్ మద్రాసు వచ్చి, గురువు రవిశంకర్ స్వరపరచిన వేదమంత్రాలకు, శ్లోకాలకు నిర్మాతగా కూర్చున్నాడు. మిగతా భాగం ఇంగ్లండ్‌లో తన ఇంట్లో రికార్డు చేయించాడు. మరుసటి ఏడు విడుదలైన ఆ ఆల్బంలో అసతోమా సద్గమయ ఉంది, సహనావవతు ఉంది, పూర్ణమదః ఉంది. 'వీణా మురళి' పేరుతో ఒక అంశం కూడా ఉంది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది రవిశంకర్ పేరు. మా దగ్గర పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలు సహనావవతు చెబుతారు. ఒకరోజు ఆ రికార్డు వినిపించాను. "టీచరుగారూ, వీళ్లకి తొందర లేదండీ" అంది ఏడో తరగతి చదివే అమ్మాయి. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ ఆల్బం మీద వచ్చిన సమీక్షలు కొన్ని చదివాను, ఆ అమ్మాయి పట్టుకున్నది వాటిలో దొరకలేదు.

1999 డిసెంబరు 30 తెల్లవారుజామున ఒక వ్యక్తి అతని ఇంట్లో చొరబడి కత్తితో నలభైకి పైగా పోట్లు పొడిచాడు. ఊపిరితిత్తికి గాయమైంది. ఆ మనిషిని మెట్ల కింద చూడగానే హారిసన్ నోటి నుంచి వచ్చిన కేక 'హరే కృష్ణ'. భార్య ఒలీవియా చేతికి దొరికిన ఇనుప కడ్డీతో, దీపంతో ఆ దుండగుణ్ణి కొట్టి భర్తను కాపాడుకుంది. మోజు అయితే ఆ క్షణంలో నోటికి రాదు. ముప్పై ఏళ్లుగా నాలుక మీద ఆడినది మాత్రమే అప్పుడు వస్తుంది.

2001 నవంబరు 29న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు యాభై ఎనిమిది. 1969 నాటి స్నేహితులైన కృష్ణభక్తులు మంచం పక్కన నామం చెబుతున్నారు. అసంపూర్తిగా మిగిలిన పాటలను కొడుకు ధనీ, మిత్రుడు జెఫ్ లిన్ పూర్తిచేసి మరుసటి ఏడు విడుదల చేశారు. కొడుక్కి అతను పెట్టుకున్న పేరు సరిగమల్లోని 'ద', 'ని'. ఆ ఆల్బంలో చివరి పాట లోకం మనసులను ఎలా మభ్యపెడుతోందని కోపంగా సాగి, ముగింపులో ఉన్నట్టుండి తండ్రీకొడుకుల గొంతుల్లో 'నమః పార్వతీపతయే' అవుతుంది. హరికథలు, పురాణ కాలక్షేపాలు వింటూ పెరిగిన మా విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు ఆ మాట వినబడితే బదులు చెప్పకుండా ఉండడం అసాధ్యం. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా ఉన్న కళాశాలలో చదివిన నాకైతే మరీను.

వచ్చే శనివారం పెద్ద పిల్లలకు 'మై స్వీట్ లార్డ్' స్లయిడ్ భాగాన్ని వీణ మీద వాయించడం చూపించబోతున్నాను. మెట్టు మీద నుంచి తీగ లాగుతూనే ఆ జారు అంతా వస్తుంది, నేను వాయించి చూశాను. వినాలనుకునేవారు సాయంత్రం ఆరింటికి మా ఇంటికి రండి.